హెప్సిబా రివాల్వర్

ఆ రోజు పొద్దున హెప్సిబా వేసుకున్న పథకంలో తిరకాసేమీ లేదు. రెండు ఇడ్లీలు తినాలి, పాఠం ఒకసారి పైకి చెప్పుకోవాలి, ఆటో ఎక్కి పదకొండింటిలోపు కంకిపాడు అవతలున్న ఇంజనీరింగ్ కాలేజీకి చేరాలి. అక్కడ మెకానికల్ విభాగంలో ఒకే ఒక్క లెక్చరర్ పోస్టు ఖాళీగా ఉంది. దానికోసం డెమో క్లాసు చెప్పాలి.

ఆ పోస్టు మీద ఆమె ఎంత ఆశ పెట్టుకుందో అత్తగారు తెరేసమ్మకు తప్ప ఇంకెవరికీ తెలియదు. పిల్లలంతా కంప్యూటర్లే కావాలంటున్నారని ఆమె పనిచేసిన పాత కాలేజీలో మెకానికల్ బ్రాంచి ఎత్తేశారు. ఆ తర్వాత రెండు చోట్ల డెమో ఇచ్చింది. సబ్జెక్టు రాక కాదు గానీ, నలుగురి ముందు నిలబడగానే ఆమె గొంతు లోపలికి పోయేది, చూపు నేలకు అతుక్కునేది. రెండో చోట ఒక పెద్దమనిషి, "అమ్మా, మీరు పాఠం మాకు చెప్తున్నారా, గచ్చుకి చెప్తున్నారా?" అని అడిగాడు. ఆ మాట ఆమె మనసులోంచి పోలేదు. ఈసారి కూడా కాకపోతే చదివిన చదువు అటకెక్కించి, బెంజ్ సర్కిల్ దగ్గర సాఫ్ట్‌వేర్ కోచింగ్‌లో చేరిపోవాలని నిశ్చయించుకుంది.

నచ్చిన యంత్రం ఏదైనా తీసుకుని వివరించమన్నారు కాలేజీవాళ్లు. హెప్సిబా డబుల్ యాక్షన్ రివాల్వర్‌ను ఎంచుకుంది. తుపాకులంటే ఆమెకు మోజు లేదు. దాని లోపలి పొందిక అంటేనే ఆమెకు ఆశ్చర్యం. వేలు ఒక్కసారి లాగితే చాలు, తూటాల సిలిండర్ తిరిగి, సరిగ్గా గొట్టానికి ఎదురుగా ఆగి, వెనకున్న హ్యామర్ లేచి పడుతుంది. ఒకదాని వెనక ఒకటి, తడబాటు లేకుండా. నలుగురి ముందు తనకు చేతకానిది సరిగ్గా అదే అని ఆమెకు అనిపించేది. రెండడుగుల పొడవున ప్లైవుడ్‌తో మోడల్ చేయించి, లోపలి భాగాలు కనబడేలా ఒక పక్క తెరిచి ఉంచింది.

"అత్తయ్యా, నేను పాఠం చెప్పుకునేటప్పుడు మధ్యలో పలకరించకండి. మళ్లీ మొదటికొస్తుంది" అని చెప్పి, హాల్లో గోడ ఎదురుగా నిలబడింది.

తెరేసమ్మ వంటింట్లో ఉంది. కుక్కర్ కూతల మధ్య కోడలి మాటలు ముక్కలు ముక్కలుగా వినపడుతున్నాయి. "ఇప్పుడు సిలిండర్ గడియ ఊడిపోతుంది..." కూత. "లోపల స్ప్రింగ్ మీద ఒత్తిడి పెరుగుతూ వస్తుంది..." మళ్లీ కూత. "ఇక ఆగదు. పేలుతుంది."

తెరేసమ్మ పొయ్యి వైపు చూసింది. పొయ్యి కిందున్న గ్యాస్ సిలిండర్ వైపు చూసింది. కోడల్ని పలకరించకూడదు. అలాగని ఊరుకోనూ కూడదు. పొయ్యి కట్టేసి, రెగ్యులేటర్ పీకేసి, చెప్పులు కూడా వేసుకోకుండా కింది అంతస్తులో ఉన్న వీరభద్రరావు దగ్గరికి పరిగెత్తింది. ఆయన ఆ అపార్ట్‌మెంట్ అసోసియేషన్ ప్రెసిడెంటు. రిటైరయ్యాక ఆయనకు మిగిలిన అధికారం అదొక్కటే, అందుకని దాన్ని చాలా శ్రద్ధగా నిర్వహిస్తుంటాడు.

"అన్నయ్యగారూ, సిలిండర్ పేలుద్దంటంది మా అమ్మాయి!"

"ఎవరు, హెప్సిబానా? ఆవిడ మెకానికల్ ఇంజనీరు కదండీ?"

"అందుకే వచ్చా. ఆ పిల్ల ఊరికే అనే రకం కాదు."

వీరభద్రరావు ముఖం గంభీరమైంది. ఇంజనీరు హెచ్చరించింది గనక లోపం ఒక్క సిలిండర్‌లో ఉండదని, ఈ నెల వచ్చిన సరుకంతటిలో ఉంటుందని ఆయన తీర్మానించాడు. వాట్సాప్ గ్రూపులో వాయిస్ మెసేజ్ పెట్టాడు. "అందరూ మీ మీ గ్యాస్ సిలిండర్లు తక్షణం కింద పార్కింగ్‌లోకి చేర్చగలరు. ఇది ఇంజనీరుగారి హెచ్చరిక. కంగారు పడవద్దు."

కంగారు పడవద్దన్నాక పడనివాళ్లెవరు? కాసేపట్లో మెట్ల మీద సిలిండర్లు దొర్లే చప్పుడుతో భవనమంతా అదిరింది. తెరేసమ్మ కూడా తమ సిలిండర్‌ను లిఫ్టులోకి ఎక్కించి, తనూ ఎక్కింది. అందులో అప్పటికే నాలుగు సిలిండర్లు ఉన్నాయి. లిఫ్టు రెండో అంతస్తుకూ మూడో అంతస్తుకూ మధ్య ఆగిపోయింది. ఈ మాట ఎక్కడ పుట్టిందో చెప్పగలిగిన ఒకే ఒక్క మనిషి ఆ లిఫ్టులో ఐదు సిలిండర్ల మధ్య చిక్కుకుపోయింది.

పాఠంలో మునిగిపోయిన హెప్సిబాకు ఇవేవీ తెలియవు. అత్తగారు చర్చికి వెళ్లి ఉంటుందనుకుంది. మోడల్‌ను దుప్పటిలో చుట్టి, గుండెకు హత్తుకుని, మెట్లు దిగి వచ్చింది. పార్కింగ్ నిండా ఎర్రటి సిలిండర్లు బారులు తీరి ఉన్నాయి. గేటు మూసుకుపోయింది. ఆటో బయట హారన్ కొడుతోంది.

"దారివ్వండి అంకుల్, టైమైపోతోంది" అంది.

వీరభద్రరావు దుప్పటి వైపు చూశాడు. "చేతిలో అదేంటమ్మా? పట్టుకోనా?"

"వద్దండి, రివాల్వర్. ట్రిగ్గర్ దగ్గర చెయ్యి పడితే కష్టం."

ఆయన చాచిన చేయి అలాగే గాల్లో ఉండిపోయింది. "ఎక్కడికమ్మా?"

"కంకిపాడు. అక్కడ ముగ్గురు కూర్చుని ఉంటారు నాకోసం. ఇప్పటికి రెండుసార్లు ఫెయిలయ్యానంకుల్. ఈసారి ముగ్గురూ పడిపోవాలి."

వీరభద్రరావు రెండడుగులు వెనక్కి వేసి, ఒక సిలిండర్ మీద కూర్చుని, అది సిలిండర్ అని గుర్తొచ్చి లేచి, స్తంభం చాటుకు వెళ్లి పోలీసులకు ఫోన్ చేశాడు.

పోలీసులు వచ్చేసరికి వీధి వీధంతా గుమిగూడింది. ఇంట్లో అత్తగారు కనపడటం లేదని ఒకరన్నారు. అత్తగారు నిజంగానే కనపడకపోవడంతో ఆ మాటకు బలం వచ్చింది. సిలిండర్లన్నీ ఒకచోట పేర్పించి తుపాకీతో కాల్చబోతోందని ఇంకొకరు ముగించారు. అందరి చూపులూ తన మీదే ఉన్నాయని తెలియగానే హెప్సిబా గొంతు ఎప్పటిలాగే లోపలికి వెళ్లిపోయింది. "అది డెమో" అంది. ఆ మాట ఆమెకే సరిగా వినపడలేదు.

ఎస్సై సంయుక్త జీపు దిగింది. వయసులో చిన్నదే గానీ మాటలో తొందర లేని మనిషి. "అమ్మా, చేతిలోది నెమ్మదిగా కింద పెట్టండి" అంది. హెప్సిబా పెట్టింది. కానిస్టేబుల్ మరియదాసు లాఠీ కొసతో దుప్పటి తొలగించాడు. ప్లైవుడ్ రివాల్వర్ బయటపడింది. జనంలో నిట్టూర్పు వినిపించింది. అది ఊరటతో వచ్చిందో నిరాశతో వచ్చిందో చెప్పడం కష్టం.

"ఏంటిది?" అని అడిగింది సంయుక్త.

హెప్సిబా నేల చూస్తూ ఏదో గొణిగింది.

"వినపడలేదండీ."

సరిగ్గా అప్పుడే వాచ్‌మన్ తాళాలు తెచ్చి లిఫ్టు తెరవడంతో చెమటతో తడిసిన తెరేసమ్మ బయటికొచ్చింది. కోడలు, పోలీసులు, జనం. ఆమెకు ముందు కోడలి ముఖమే కనపడింది. నేరుగా వెళ్లి ఎదురుగా నిలబడింది.

"వీళ్లందరినీ వదిలెయ్. నాకు చెప్పు. ఏ సిలిండర్ పేలుద్దన్నావు?"

హెప్సిబా తల ఎత్తింది. ఎదురుగా అత్తగారి ముఖం ఒక్కటే ఉంది. మోకాళ్ల మీద కూర్చుని, మోడల్‌ మీద వేలు పెట్టి చూపించింది. "ఇదత్తయ్యా సిలిండర్. ఆరు గదులు, ఒక్కో గదిలో ఒక్కో తూటా. ఈ ట్రిగ్గర్ లాగుతున్నా చూడండి. ముందు గడియ కిందికి దిగింది. ఇప్పుడీ చిన్న చెయ్యి సిలిండర్‌ని తోసి తిప్పింది. ఒక్క గది తిరగ్గానే గడియ మళ్లీ పడింది. ఈలోపు వెనక హ్యామర్ స్ప్రింగ్‌ని నొక్కుకుంటూ లేచింది. ఇదిగో, జారింది, పడింది."

టక్‌మని చెక్క మీద చెక్క పడింది.

"మరి కింద పడితే పేలదూ?" అంది తెరేసమ్మ.

"ఇప్పుడొచ్చేవి పేలవు. హ్యామర్ దెబ్బ తూటాకి చేరాలంటే మధ్యలో ఈ పట్టీ ఉండాలి. ట్రిగ్గర్ లాగితేనే ఇది పైకొస్తుంది. వేలు లేకపోతే పట్టీ లేదు, దెబ్బ అందదు."

సంయుక్త కూడా వంగి చూస్తోంది. "ట్రైనింగ్‌లో కాల్చాను గానీ లోపల ఇంత సంగతి ఉందని ఇప్పుడే చూస్తున్నా. వెళ్లండి మేడం. ప్రెసిడెంటుగారూ, పిలిచింది మీరే గదా, మీ కార్లో మీరే దింపండి."

వీరభద్రరావు కారు తాళాలు తీశాడు. జనం తలా ఒక సిలిండర్ జరిపి కారుకు దారి చేశారు. ఈ హడావిడిలో మోడల్‌ను మళ్లీ దుప్పటిలో చుట్టే పని మరియదాసు మీద పడింది. ఆయన విధి నిర్వహణలో రాజీ పడే మనిషి కాడు. పాఠం శ్రద్ధగా విన్నాడు. హ్యామర్ ఉంటేనే ఇది పనిచేస్తుందని అర్థం చేసుకున్నాడు. పనిచేసే ఆయుధాన్ని, చెక్కదైనా సరే, రోడ్డు మీదికి పంపడం పద్ధతి కాదనిపించింది. మేకు లాగి, హ్యామర్ ఊడదీసి, జేబులో వేసుకుని, మిగతాది భద్రంగా మూటగట్టి ఇచ్చాడు.

కంకిపాడు చేరేసరికి మిగతా అభ్యర్థులందరూ డెమోలు ముగించి వెళ్లిపోయారు. గదిలో బల్ల వెనక ముగ్గురున్నారు. ప్రిన్సిపాల్ అనంతకృష్ణ, భారీ మనిషైన వైస్ ప్రిన్సిపాల్ వెంకటప్పయ్య, బయటినుంచి నిపుణురాలిగా వచ్చిన ప్రొఫెసర్ ఇందిరాదేవి. వీరభద్రరావు తన వల్ల జరిగిన ఆలస్యానికి సంజాయిషీ చెప్పుకుని తలుపు దగ్గర నిలబడ్డాడు.

హెప్సిబా దుప్పటి విప్పింది. ట్రిగ్గర్ లాగింది. గడియ దిగింది, సిలిండర్ తిరిగింది, గడియ పడింది. వెనక ఏమీ లేవలేదు, ఏమీ పడలేదు. హ్యామర్ ఉండాల్సిన చోట మేకు రంధ్రం మాత్రం ఉంది.

గదిలో ఫ్యాన్ చప్పుడు పెద్దదైంది. ఆమె చూపు నేల మీదికి దిగింది. తనకు బాగా పరిచయమున్న నేల అది. అన్ని కాలేజీల్లోనూ ఒకేలా ఉంటుంది. కోచింగ్ సెంటర్ మెట్లు కళ్ల ముందు కనపడ్డాయి. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇక సెలవు తీసుకుందామని తల ఎత్తింది.

అనంతకృష్ణ ఏమైందో చూద్దామని కుర్చీలోంచి సగం లేచి, బల్ల మీదికి వంగి ఉన్నారు. సరిగ్గా పడబోయే హ్యామర్‌లా ఉన్నారు.

"అలాగే ఉండండి సార్!" అంది హెప్సిబా.

ఆ గొంతు ఎక్కడినుంచి వచ్చిందో ఆమెకు తెలియదు. ప్రిన్సిపాల్‌కూ తెలియదు. ఆయన మాత్రం కదలకుండా ఉండిపోయారు.

"హ్యామర్ దారిలో పోయింది సార్. మీరే హ్యామర్. ఇటు ముందుకొచ్చి నిలబడండి. మీకెప్పుడూ ముందుకి పడాలనే ఉండాలి, అదే స్ప్రింగ్. నేను ట్రిగ్గర్, మిమ్మల్ని వెనక్కి లాగుతుంటాను. వైస్ ప్రిన్సిపాల్ గారూ, మీరు సిలిండర్. చేతులు దగ్గర పెట్టుకోండి. ఇందిరాదేవి మేడం, మీరు వారి భుజాన్ని తోసే చెయ్యి. వీరభద్రరావంకుల్, అక్కడ నిలబడకండి, మీరు గడియ. నేను లాగడం మొదలుపెట్టగానే దారి వదలాలి, సిలిండర్ ఒక్క గది తిరగ్గానే అడ్డం పడాలి."

డెమోలు విని విని అలిసిపోయిన ఆ ముగ్గురికీ ఎదురు చెప్పాలని తోచలేదు. ఆమె ఒక చేత్తో ప్రిన్సిపాల్ కోటు వెనక భాగం పట్టుకుని లాగింది, రెండో చేత్తో ప్రొఫెసర్‌ను ముందుకు నెట్టింది. వీరభద్రరావు తప్పుకున్నాడు. ఇందిరాదేవి తోసింది. వెంకటప్పయ్య ఆరో వంతు తిరిగారు. వీరభద్రరావు అడ్డం పడ్డాడు. హెప్సిబా వేళ్లు కోటు మీంచి జారాయి. అనంతకృష్ణ రెండు అరచేతులతో బల్ల మీద పడ్డారు. మంచినీళ్ల గ్లాసు దొర్లింది.

"డబుల్ యాక్షన్ అంటే ఇదే సార్. లేపిందీ నేనే, వదిలిందీ నేనే."

"మరి సింగిల్ యాక్షన్?" అంది ఇందిరాదేవి, జారిన కళ్లజోడు సర్దుకుంటూ.

"సార్‌ని ముందే వేరే ఎవరో వెనక్కి లాగి నిలబెట్టాలి మేడం. అప్పుడు నేను వేలు తాకిస్తే చాలు, పడిపోతారు. ఇందాక మొత్తం బరువు నేనే లాగాను. అందుకే డబుల్ యాక్షన్‌లో ట్రిగ్గర్ బరువుగా ఉంటుంది. ఆ బరువే ఒక రక్షణ. పొరపాటున వేలు తగిలినంత మాత్రాన అది పేలదు."

ఇందిరాదేవి తల ఊపింది. ఆమె ముఖంలో చాలాసేపటి తర్వాత ప్రాణం వచ్చింది. "ఒక్క గదేగా తిరిగింది? మిగతా ఐదూ కూడా కానివ్వండి. గడియ సరిగ్గా పడుతోందో లేదో చూడాలి."

ఐదూ అయ్యాయి. గడియ రెండుసార్లు ఆలస్యంగా పడటంతో వెంకటప్పయ్య కొంచెం ఎక్కువ తిరిగారు. దానికి హెప్సిబా, "ఇలా ఎక్కువ తిరిగితే గది గొట్టానికి ఎదురుగా ఉండదు. అప్పుడు మొదట చూడాల్సింది గడియని" అని, వీరభద్రరావు వైపు చూసి, ఆయన్ను సరిగా నిలబెట్టింది. అందుకని ఇందిరాదేవి ఇంకో చుట్టు వేయించింది. అటెండరు తలుపు తీసి, చూసి, మళ్లీ మూసేశాడు.

చివరికి అనంతకృష్ణ కోటు సర్దుకుని, మిగతా ఇద్దరితో ఒక్క నిమిషం గుసగుసగా మాట్లాడారు. "అమ్మా, సోమవారం నుంచి క్లాసులకి వచ్చేయండి" అన్నారు. హెప్సిబా ఆ ముగ్గురి ముఖాల్లోకీ సూటిగా చూసి నమస్కరించింది. బయటికి రాగానే అత్తగారికి ఫోన్ చేద్దామనుకుంది గానీ, రెండు చేతుల్లోనూ మోడల్ ఉంది. వీరభద్రరావే కలిపి ఇచ్చాడు.

లోపల వెంకటప్పయ్య ఆమె ఇంకా ఎదురుగానే ఉందనుకుని మనస్ఫూర్తిగా అభినందించారు గానీ, అప్పటికింకా కళ్లు తిరుగుతుండటంతో ఆ అభినందనలన్నీ గోడకు చెప్పారు.