స్థిరవస్తువు నంబరు తొమ్మిది

హిమబిందు కాపురానికి వచ్చిన నలభయ్యో రోజున, వంటగదిని కూల్చకుండా కొత్తగా మార్చే పథకం కింద తనిఖీకి వచ్చిన అధికారి, ఆ గదిలోని స్థిరవస్తువుల జాబితాలో సింకు తర్వాత, తొమ్మిదో నంబరుగా, ఆమె అత్తగారు సత్యవేణిని రాసుకున్నాడు.

పథకం సులువైనదే. గోడ పగలగొట్టరు, గట్టు కదపరు. ఉన్నవాటి మీదే పాలరాతి డిజైను షీట్లు అతికించి, అల్మరాలకు కొత్త పిడులు బిగిస్తారు. బిందు కోరుకున్నదీ అంతే. ఇత్తడి రంగు పిడులను మంచం మీద వరసగా పరుచుకుని, ఎత్తి, మళ్ళీ పరుచుకుని మురిసిపోయింది. ఆదివారం కాలేజీ స్నేహితురాళ్ళు వస్తున్నారు. ఆ మసి గోడలు వాళ్ళ కంట పడతాయనుకుంటేనే ఆమె చెవులు వేడెక్కేవి.

తప్పు బిందుదే. ఈ గదిలో చోటు మారనివి ఏమేమిటని అధికారి ఫణీంద్ర అడిగినప్పుడు, అత్తగారిని నలుగురిలో పొగిడితే మంచిదే కదా అనుకుని, "మా అత్తయ్యగారు ఈ గది వదిలి ఎక్కడికీ వెళ్ళరండీ. అన్నం కూడా ఇక్కడే నిలబడి తింటారు" అంది.

"ఎన్నేళ్ళుగా?"

"ముప్పై ఒకటి" అంది సత్యవేణి పోపు వేస్తూ.

ఫణీంద్ర టేపు తీసి ఆమె ఎత్తు, భుజాల వెడల్పు కొలుచుకున్నాడు. పన్నెండేళ్ళు దాటి గదిలో ఉన్నది ఏదైనా స్థిరవస్తువేనని, దాన్ని బయటికి తీయడం ఈ పథకంలో కుదరదని, దాని మీద కూడా షీటు అతికించడం మాత్రం తప్పనిసరని వివరించాడు. అభ్యంతరముంటే కోడలు మూడు రోజుల్లో రాసివ్వాలి. రాసిస్తే మొత్తం దరఖాస్తు రద్దవుతుంది.

"అమ్మ ఏమీ అనుకోదులే. బయట కూచోబెడితేనే ఆవిడకి ఇబ్బంది" అని బిందు భర్త శ్రీచరణ్ తన సంతకం పెట్టి ఆఫీసుకు వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం సత్యవేణి చేతులు తుడుచుకుంటూ కోడలిని పిలిచింది.

"బిందూ, ఆదివారం మీవాళ్ళొచ్చినప్పుడు నేనూ కాసేపు హాల్లో కూచోవచ్చా అమ్మా? మామిడిపిందెల అంచు చీర కట్టుకుంటాను. ఏం మాట్లాడన్లే."

"అయ్యో, అలా అడుగుతారేంటి అత్తయ్యా!"

బిందు అభ్యంతర పత్రం తీసింది. తన పేరు, ఇంటి నంబరు రాసింది. కారణం రాయబోతుండగా షీట్లవాళ్ళు ఫోను చేసి, సాదా తెలుపు కావాలా, బూడిద చార ఉన్నది కావాలా అని అడిగారు. చార ఉన్నదే అంది. మాట్లాడి పెట్టేశాక, కారణం ఏమని రాయాలో ఆమెకు తోచలేదు. మర్నాడూ, ఆ మర్నాడూ తోచలేదు. గడువు ముగిసింది.

శనివారం పనివాళ్ళు వచ్చేసరికి సత్యవేణి మామిడిపిందెల అంచు చీర కట్టుకుని గట్టు పక్కన నిలబడి ఉంది.

"ఊపిరి బిగబట్టండమ్మా, లేకపోతే బుడగలొస్తాయి."

"చేతుల దగ్గర కాస్త వదులుగా వెయ్యి నాయనా, చపాతీలు ఒత్తాలి."

షీటు చక్కగా కూచుంది. చీర అంచు ఎక్కడా కనబడలేదు. దీనికి పిడి ఎక్కడ బిగించమంటారని పనివాడు బిందును అడిగాడు. వద్దంది. అలా అన్నందుకు తాను మంచిదాన్నేనని ఒక్క క్షణం అనిపించి, ఆ వెంటనే తల దించుకుంది.

ఆదివారం స్నేహితురాళ్ళు ముగ్గురూ వంటగది గుమ్మంలోనే ఆగిపోయారు.

"ఏమే, ఏదీ పగలగొట్టకుండానే ఇంత మార్చేశావా! నీ పెళ్ళికి కూడా ఇంత వెలుగు లేదే" అంది లతిక. గట్టు మీదుగా చెయ్యి పోనిచ్చి, సత్యవేణి భుజం దగ్గర ఆపింది. "ఇక్కడ వెచ్చగా ఉందేంటే?"

"స్టవ్ పక్కన కదా" అంది బిందు.

"అవునుగానీ మీ అత్తగారేరీ? చూద్దామనుకున్నాం."

బిందు గట్టు వైపు చూడలేదు.

"ఊళ్ళో లేరు."

మొహమంతా మండిపోయింది. అంతలో షీటులోంచి రెండు చేతులు కదిలి, నాలుగు కప్పులున్న ట్రేను గట్టు అంచుదాకా జరిపాయి.

"అవునమ్మా, ఊళ్ళో లేను" అంది సత్యవేణి. "చల్లారకముందే తాగండి."

ముగ్గురూ కప్పులు అందుకున్నారు. టీ చాలా బాగుందన్నారు. ఎవరు పెట్టారని అడగలేదు. ట్రేలో మిగిలిన కప్పును బిందు తీసుకుంది.