సూపర్‌వైజర్ ఇంట్లో సాలెపురుగు

జక్కయ్యకు నెలకొక్క ఆదివారం సెలవు. ఆ ఒక్క రోజు కోసం అతను నెలంతా పథకం వేసుకుంటాడు. ఈసారి పథకం చాలా చిన్నది. పొద్దున చర్చికి వెళ్లాలి, వచ్చి మాంసం కూరతో అన్నం తినాలి, పడుకోవాలి. దేవుడంతటి వాడే ఏడో రోజు విశ్రమించాడు కదా అని అతని వాదన. కాకపోతే దేవుడికి ఎవరూ సాలెపురుగును అప్పగించి వెళ్లలేదు.

అత్వెల్లి దగ్గర ఉన్న లక్ష కోళ్ల ఫారంలో జక్కయ్య ఇరవై ఆరేళ్లుగా సూపర్‌వైజరు. కూతురు క్రిస్టీనా జువాలజీ చదువుతోంది. మూడేళ్ల కిందట శామీర్‌పేట గుట్టల్లో దొరికిన వేలిగోరంత టరాంటులా సాలెపురుగు పిల్లను ఇంటికి తెచ్చి, రాణి అని పేరు పెట్టింది. అది మొదట హోమియో మాత్రల సీసాలో ఉండేది. కాస్త ఎదిగాక కాఫీపొడి సీసాలోకి మారింది. ఇప్పుడు అరచేయంత అయి, తడిపిన కొబ్బరిపొట్టు పరిచిన బిస్కెట్ల డబ్బాలో కాపురముంటోంది. మూడేళ్లలో రాణి మూడిళ్లు మారింది. జక్కయ్య మాత్రం పెళ్లయిన నాటి నుంచీ అదే రెండు గదుల రేకుల ఇంట్లో ఉన్నాడు.

క్రిస్టీనా కాలేజీ వాళ్లతో పది రోజులు ఏటూరునాగారం అడవులకు వెళ్లింది. అక్కడ ఫోన్ అందదు. వెళ్తూ వెళ్తూ ఒక కాగితం రాసిచ్చింది. వారానికి ఒక బొద్దింక, చిన్న మూతలో నీళ్లు, చెయ్యి పెట్టకూడదు. భార్య పెంటమ్మ ఆ కాగితాన్ని అన్నం మెతుకులతో గోడకు గట్టిగా అంటించింది.

"వారానికి ఒకటా? గిట్లయితె బరువెప్పుడొస్తది?" అన్నాడు జక్కయ్య కాగితం చూసి.

కోడిపిల్లలను పెంచిన చెయ్యి ఊరుకోదు. రోజుకు మూడు బొద్దింకలు వేశాడు. డబ్బా పక్కన బల్బు వెలిగించాడు. నీళ్లలో కోళ్ల టానిక్ రెండు చుక్కలు కలిపాడు. నాలుగో రోజుకు రాణి తిండి మానేసింది. బొద్దింకలు దాని వీపు మీదే షికారు చేస్తున్నాయి.

అది 2006 ఫిబ్రవరి. పక్క రాష్ట్రంలో బర్డ్ ఫ్లూ వచ్చిందని టీవీలో చెప్పినప్పటి నుంచీ జనం గుడ్డును చూసినా పక్కకు తప్పుకుంటున్నారు. ఫారంలో పనిచేసేవాళ్లు ఇంట్లో ఒక్క పిట్టను కూడా పెంచకూడదన్నది పాత నియమమే. ఇంటి కోడి రోగం చెప్పుల వెంట ఫారానికి వస్తుందని భయం. యజమాని చలపతిరావు ఆ నియమాన్ని మళ్లీ చదివించి, తప్పినవాడికి ఉద్యోగం ఉండదని అందరిచేతా సంతకాలు పెట్టించాడు. మొదటి సంతకం జక్కయ్యదే. ఆ ఉద్యోగం పోతే క్రిస్టీనా చదువు ఆగిపోతుంది. అరవైకి దగ్గరపడ్డ వాణ్ణి ఇంకో ఫారంలో ఎవరూ పెట్టుకోరు.

ఆదివారం చర్చి నుంచి వస్తుంటే మేడ్చల్ రోడ్డు మీద చాయ్ హోటల్లో ఫారం డాక్టరు దేవేందర్ కనిపించాడు. జక్కయ్య పక్కకు వెళ్లి గొంతు తగ్గించాడు. కిందటేడు రాణి సంగతి ఫారంలో నోరు జారితే, పనివాళ్లు నాలుగు నెలలపాటు "రాణెమ్మ మంచిగున్నదా?" అని అడిగారు. అందుకే ఇప్పుడు పేరు ఎత్తలేదు.

"సార్, ఇంట్ల ఒకటుంది. ఆరు రోజుల సంది మేత ముడ్తలేదు."

డాక్టరు చేతిలో గ్లాసు ఆగిపోయింది. "ఇంట్లనా? ఎన్నున్నయి?"

"ఒక్కటే సార్. బిడ్డ ముచ్చటపడి పెంచుకుంటాంది."

"రంగేమన్న మారిందా?"

"మస్తు మాసింది. మూలకు ముడుచుకొని కూసుంటాంది."

"చేత్తోని పట్టుకున్నవా?"

"నేనా? సచ్చినా పట్ట సార్."

డాక్టరు సగం చాయ్ వదిలేసి లేచాడు. "జల్దీ ఇంటికి పో. ఎవ్వల్ని లోపలికి రానియ్యకు. నేనొస్త." జక్కయ్య గుండె నిండిపోయింది. ఒక సాలెపురుగు కోసం ఇంతగా కదిలిపోయే డాక్టరు ఉంటాడని అతను కలలో కూడా అనుకోలేదు.

ఇంటికి వచ్చేసరికి పెంటమ్మ గుమ్మంలోనే నిలబడి ఉంది. "నీ రాణి కాళ్లు మీదికి లేపింది, సూడు పో."

నిజమే. రాణి వెల్లకిలా పడి ఉంది. కదలిక లేదు. జక్కయ్య కూలబడ్డాడు. ముట్టుకోవడానికి కూడా భయపడిన పురుగు కోసం ఇంత బాధపడటం అతనికే చిత్రంగా అనిపించింది.

"నా చేతుల మీద లచ్చల కోళ్లు పెరిగినయి. గీ ఒక్క పురుగును బతికిచ్చుకోలేకపోయిన."

"నువ్వు బతికిచ్చిన కోళ్లన్ని యాడికి వోయినయో ఎన్నడన్న ఆలోచించినవా?" అంది పెంటమ్మ.

జక్కయ్య లేచాడు. డబ్బా మీద తుండుగుడ్డ కప్పి, గడ్డపార తీసుకుని పెరట్లోకి నడిచాడు. చచ్చిన ప్రాణిని సాగనంపడానికి అతనికి తెలిసింది ఫారం పద్ధతి ఒక్కటే. మూడడుగుల గుంత, అడుగున సున్నం, పైన సున్నం. క్రిస్మస్‌కు గోడలకు వేయగా మిగిలిన సున్నం బస్తా ఉండనే ఉంది. నేల మాత్రం అంతా రాయి. లోపల మాంసం కూర ఉడికి, చల్లారి, గట్టిపడింది. ఎండ నడినెత్తికి వచ్చింది. గుంత ఇంకా మోకాలి లోతు దాటలేదు.

అప్పుడే వాకిట్లో జీపు ఆగింది. చలపతిరావు, డాక్టరు, ముక్కుకు గుడ్డలు కట్టుకున్న ఇద్దరు మనుషులు దిగారు. పక్కింటి పద్మమ్మ ఆ గుడ్డలు చూసి, ఎందుకైనా మంచిదని తన నాలుగు కోళ్లను గంప కింద కమ్మి, గంప మీద తనే కూర్చుంది.

చలపతిరావు గుంతను చూశాడు. సున్నం బస్తాను చూశాడు. ఇక అడగడానికి ఏమీ మిగల్లేదు.

"ఎవరికీ తెలియకుండా పూడ్చేద్దామనుకున్నావా జక్కయ్యా? అక్కడ లక్ష కోళ్లున్నాయయ్యా! మొదటి సంతకం పెట్టినవాడివి నువ్వే కదా!"

"అది కోడి కాదు సార్."

"మరి? బాతా?"

"సాలెపురుగు సార్."

చలపతిరావు మొహం ఎర్రబడింది. "నాతో వేళాకోళమా? ఇరవై ఆరేళ్లు నమ్మినందుకు మంచి పని చేశావు. రేపటి నుంచి ఫారానికి రావద్దు."

జక్కయ్య చేతిలోంచి గడ్డపార జారింది. ఆ మాటకే ఇన్నాళ్లూ భయపడ్డాడు. ఇప్పుడు అది వచ్చేశాక, సున్నం బస్తా మీద కూర్చుండిపోయాడు. మాట్లాడింది పెంటమ్మే.

"గుంత తవ్వినోన్ని అడుగుడు గాదు సార్, సచ్చినదాన్ని సూడుండ్రి. లోపలున్నది."

అందరూ లోపలికి వెళ్లారు. జక్కయ్య తుండుగుడ్డ లాగాడు. డబ్బాలో రెండు ఉన్నాయి. ఒకటి ఎనిమిది కాళ్లతో నలిగిన గుల్ల. దాని పక్కన రాణి, కొత్త తోలుతో నిగనిగలాడుతూ, నిన్నటి కంటే ఒకటిన్నర రెట్లు పెద్దదై నిలబడి ఉంది. అది ఒక కాలు మెల్లగా ఎత్తింది. లక్ష కోళ్ల యజమాని ఎగిరి మంచమెక్కాడు. ముక్కుగుడ్డల వాళ్లు జీపు దాకా ఆగలేదు.

"కుబుసం విడిసింది!" అన్నాడు డాక్టరు, నవ్వాలో వద్దో తెలియక.

"అయ్యో, కాయితం ఎనక గూడ రాసిన అని బిడ్డ జెప్పింది," అంది పెంటమ్మ. "నేనే మర్శిపోయి మెతుకులు వెట్టి అంటిచ్చిన."

డాక్టరు కాగితాన్ని నీళ్లతో తడిపి ఊడదీసి చదివాడు. "నాయినా, మేత మానేస్తే భయపడకు. కుబుసం విడిచే ముందు అట్లనే ఉంటది. వెల్లకిలా పడుకుంటది. ముట్టుకోకు. కోళ్ల టానిక్ అస్సలు పొయ్యకు."

జక్కయ్య గోడకు ఆనుకుని కళ్లు తుడుచుకున్నాడు. రాణి బతికింది, ఉద్యోగం బతికింది. ఇక అన్నం తిని పడుకోవడమే మిగిలింది.

చలపతిరావు మాత్రం ఇంకా మంచం మీదే ఉన్నాడు. భయం తగ్గిన కొద్దీ అతని కళ్లలో ఏదో లెక్క మొదలైంది. "ఇదేం తింటుంది జక్కయ్యా?"

"బొద్దింకలు, ఈగలు సార్."

"ఈగలా! మన షెడ్లలో ఈగల మందు కొట్టలేక చస్తున్నాం కదయ్యా. షెడ్డుకు ఇలాంటివి ఎన్నుంటే సరిపోతాయి?"

"సార్, అది కోడి గాదు..."

"నువ్వు పెంచలేనిదేముంది? మూడో షెడ్డు పక్కన గది ఖాళీగానే ఉంది. రేపు పొద్దున నాలుగింటికే వచ్చెయ్. దీన్నీ తీసుకురా. పని గాడిన పడేదాకా ఆదివారాలు కూడా నువ్వే దగ్గరుండి చూసుకోవాలి."

జీపు వెళ్లిపోయింది. జక్కయ్య చల్లారిన కూర ముందు కూర్చుని, రేపటి నుంచి రావద్దన్న మాటకు తను ఎంత తొందరపడి బాధపడ్డాడో మొదటిసారి తీరిగ్గా ఆలోచించాడు.