సున్నా శాతం గుండెనొప్పి

గుండెజబ్బు ఉన్నదీ లేనిదీ తేల్చే అధికారం గుండెకు లేదనీ, అది పూర్తిగా కంప్యూటర్‌దేననీ ‘హృదయ కవచం’ పథకం వారు ఎంతో దూరదృష్టితో నిర్ణయించారు. ఈ సంగతి సూళ్లూరుపేటలో జాకెట్లు కుట్టుకునే సుల్తాన్‌బీకి తెలియదు. అందుకే యాభై రెండో ఏట, ఎవరి అనుమతీ తీసుకోకుండానే గుండెనొప్పి తెచ్చుకుంది.

రైల్వేస్టేషన్ మెట్లు ఎక్కితే రొమ్ము మీద బండ పెట్టినట్టయ్యేది. కాసేపు కూర్చుంటే తగ్గేది. ఒక పెద్ద ఆసుపత్రి వారు యాంజియోగ్రామ్ తీసి, రక్తనాళాలు శుభ్రంగా ఉన్నాయని అభినందించి, గ్యాస్ మాత్రలిచ్చి పంపారు. (యాభై దాటిన ఆడవాళ్లకు బ్లాకు కనిపించకపోతే గ్యాసు. గ్యాసు తగ్గకపోతే టెన్షను. ఇది శాస్త్రం.) ఆరు నెలలు మింగింది. ఇంట్లో అందరూ భ్రమ అనేసరికి, నొప్పి వచ్చినప్పుడల్లా తప్పు చేసినదానిలా పక్కగదిలోకి వెళ్లి కూర్చునేది.

చివరికి డాక్టర్ రేవతి అనే ఆవిడ ఆమె చెప్పింది పూర్తిగా విన్నది.

“అమ్మా, ఆ ఫిల్ములో పడేవి పెద్ద నాళాలే. వాటినుంచి వెంట్రుకల్లాంటి సన్నవి గుండె కండలోకి పోతాయి. వాటి లోపలి గోడకు కణాల పొర ఉంటాది. మీరు మెట్లెక్కితే రక్తం జోరుగా వస్తాది గదా, ఆ ఒరిపిడి తగలంగానే ఆ కణాలు నాళాన్ని వెడల్పు చేయించాల. మీకు ఆ పని సరిగ్గా జరగడంలేదని నా అనుమానం.”

“కాలవకి నీళ్లొచ్చినా లస్కరు గేటు ఎత్తకపోతే పైరు ఎండినట్టా డాక్టరమ్మా?”

“అంతేనమ్మా.”

సుల్తాన్‌బీ ఏడ్చింది. జబ్బుందని చెప్పినందుకు ఒక మనిషికి అంత సంతోషం కలగడం రేవతి చూడటం అదే మొదటిసారి.

నిర్ధారణకు చెన్నైలో ఒక పరీక్ష ఉంది. నాళంలోకి మందు పంపి ఆ నాళం విప్పారుతుందో లేదో చూస్తారు. ఆ ఖర్చు భరించడానికి పథకం అనుమతి కావాలి. రేవతి మూడు పేజీల ఉత్తరం రాసిచ్చింది. ఆటో నడిపే తమ్ముడు మతీన్‌ను వెంటబెట్టుకుని సుల్తాన్‌బీ పథకం కార్యాలయానికి వెళ్లింది. అక్కడ పరిశీలనాధికారి మాలకొండయ్య గారు ఉన్నారు. (గుండెలతో పదకొండేళ్ల అనుభవం, అంతా కీబోర్డు మీదే.)

“బ్లాకు ఎంత శాతం?” అన్నారాయన.

“బ్లాకు లేదు సార్,” అన్నాడు మతీన్.

“సున్నా కొట్టినా. కంప్యూటర్ తీసుకోవడంలా. డెబ్బై దాటాల.”

“ఇది సన్న నాళాల జబ్బంట సార్. డాక్టరమ్మ రాసిచ్చినారు.”

“సన్నవాటికి గడి లేదబ్బాయ్. ఫోటో ఉందా?”

“ఫోటోలో పడవంట సార్.”

“పడనిదాన్ని నేనెట్టా అప్‌లోడ్ చేసేది?” అన్నారాయన నిజమైన బాధతో.

సుల్తాన్‌బీ ముందుకు జరిగింది. “సార్, మీకు ఆకలైతే ఫోటో చూపిచ్చే అన్నం తింటారా?”

(ఆకలి వేరే శాఖ పరిధిలోది కనుక ఆయన తర్వాతి దరఖాస్తు అందుకున్నారు.)

అప్పీలు చేశారు. రేవతి నాలుగుసార్లు ఫోన్ చేసింది. ఏడు వారాలకు కమిటీ సానుభూతితో స్పందించింది: “రోగి యొక్క చిన్న రక్తనాళములు పెద్దవైన పిమ్మట తిరిగి దరఖాస్తు చేసుకొనవచ్చును.”

తొమ్మిదో వారంలో, బట్ట కత్తిరిస్తూనే సుల్తాన్‌బీ పక్కకు ఒరిగిపోయింది. మతీన్ ఆటోలో వేసుకుని పరుగెత్తాడు. రేవతి రెండు రోజులు ఆమె మంచం పక్కనుంచి కదల్లేదు. ప్రాణం దక్కింది. గుండెకండలో ఒక ముక్క మాత్రం చచ్చిపోయింది. బ్లాకు ఈసారీ లేదు.

మతీన్ ఒక్కడే కొత్త రిపోర్టు తీసుకుని కార్యాలయానికి వెళ్లాడు. మాలకొండయ్య గారు ‘గుండెపోటు’ అని కొట్టగానే తెర పచ్చబడి ‘ఆమోదించబడినది’ అని చూపింది. ఆయన ముఖం కూడా వెలిగింది.

“చూసినావా అబ్బాయ్! పద్ధతిగా వస్తే మేమెందుకు ఆపతాం?”