హార్స్‌బీ టౌన్ మేనేజరు సత్యప్రసాద్ గారు

రెండువేల మూడో సంవత్సరం నాటికి కొవ్వూరు పట్టణంలో ఫుట్‌బాల్ క్రీడ యావత్తూ ఎరువుల వ్యాపారి చోడిశెట్టి సత్యప్రసాద్ గారి భుజస్కంధాల మీద నిలిచి ఉంది. ఆయన గోదావరి తీర ఫుట్‌బాల్ అభ్యుదయ సంఘానికి శాశ్వత అధ్యక్షులు. శాశ్వత అన్న మాట నిబంధనల్లో ఎక్కడా లేదు. ఎవరూ దిగమనలేదు గనక ఆయన దిగలేదు.

ఊళ్లో పెద్దమనిషి అన్నాక ఏదో ఒక ఆటకు అధ్యక్షుడిగా ఉండాలి. కబడ్డీని రైస్‌మిల్లు వారు, వాలీబాల్‌ను సినిమాహాలు వారు, షటిల్‌ను డాక్టరు గారు అప్పటికే పుచ్చేసుకున్నారు. మిగిలింది ఫుట్‌బాల్. ప్రారంభోత్సవం నాడు సత్యప్రసాద్ గారు గోలు స్తంభానికి కొబ్బరికాయ కొట్టి, ఆటగాళ్లను పరిచయం చేసుకుంటూ గోల్‌కీపరు దగ్గర ఆగారు. అందరి చొక్కాలూ ఒక రంగైతే అతనొక్కడిదీ వేరే రంగేంటని అడిగారు. అతను నోరు తెరిచేలోగానే, పేదరికం క్రీడాకారుడికి అడ్డు రాకూడదని మైకులో ప్రకటించి, మిగతావాళ్ల రంగు చొక్కా అతనికి అక్కడికక్కడే తొడిగించారు. చప్పట్లు మోగాయి. ఆ తర్వాత ఆయన ఏ మ్యాచీ చూడలేదు. అధ్యక్షుడన్నవాడు మ్యాచీ చూడాలని ఎవరూ అడగలేదు కూడా.

ఆ వేసవిలో షాపు పద్దుల కోసం కంప్యూటరు కొన్నారు. రాజమండ్రిలో అమ్మినాయన మర్యాద కొద్దీ అందులో కొన్ని ఆటలు ఎక్కించి పంపాడు. డిగ్రీ చదువుతున్న కూతురు దేవిశ్రీ వాటిలో ఒక ఫుట్‌బాల్ ఆట తెరిచి, ఇది మీ డిపార్ట్‌మెంటే నాన్నా అంది.

ఆ ఆటలో బంతి తన్నే పని లేదు. మనం ఒక క్లబ్బుకు మేనేజరు. ఆటగాళ్లను కొనడం, అమ్మడం, ఎవరిని ఆడించాలో తేల్చడం మన వంతు. ఆట ఎలా సాగుతోందో తెర మీద అక్షరాల్లో వస్తుంది. పేరున్న క్లబ్బులన్నీ ఉన్నా సత్యప్రసాద్ గారు ఇంగ్లండులో అట్టడుగు డివిజన్‌లో కొట్టుమిట్టాడుతున్న హార్స్‌బీ టౌన్‌ను ఎంచుకున్నారు. పైనున్నవాళ్లను మనం ఉద్ధరించేదేముంది అన్నారు.

మొదట్లో ఆయన తనకు తెలిసిన పరిపాలనే చేశారు. పెద్దవాళ్లుండగా చిన్నవాణ్ణి కెప్టెన్ చేయడం మర్యాద కాదని, ముప్పై ఆరేళ్ల ముసలి డిఫెండర్‌కు పగ్గాలిచ్చారు. ఎవరి మనసూ కష్టపెట్టకూడదని అందరికీ వంతులవారీగా అవకాశం ఇచ్చారు. అమావాస్య నాడు పడ్డ మ్యాచీని వాయిదా వేసే బటన్ కోసం చాలాసేపు వెతికారు. వేదిక మీద కుర్చీలు వేయించడానికి, ఎమ్మెల్యే గారిని పిలవడానికి, మనవాళ్ల కుర్రాణ్ణొకణ్ణి టీములో పెట్టించడానికి కూడా ఏ ఏర్పాటూ లేదని తెలిసి, ఇంత వెనకబడిన దేశం రెండొందల ఏళ్లు మనల్నెలా ఏలిందో అర్థం కాలేదన్నారు. హార్స్‌బీ టౌన్ వరసగా ఓడింది.

కానీ ఓడినకొద్దీ ఆయనలో ఒక మార్పు వచ్చింది. ఆటగాడికి విశ్రాంతి కావాలని, అలిగితే పిలిచి మాట్లాడాలని, మోకాలనేది చాలా విలువైన వస్తువని ఆ యంత్రం ఆయనకు నేర్పింది. ఆయన నిజంగానే నేర్చుకున్నారు. కొనుగోలుదార్లు షాపులో యూరియా కోసం నిలబడి ఉంటే, లోపలి గదిలో ఆయన ఎవరో పంతొమ్మిదేళ్ల కుర్రాడు కొత్త ఊళ్లో ఇమడలేకపోతున్నాడని బెంగపెట్టుకునేవారు. బ్రాడ్లీ అనే ఫార్వర్డుకు మోకాలు చిట్లిన రోజున భోజనం సగంలో వదిలి లేచారు. క్లబ్బు తరఫున పెద్ద స్పెషలిస్టుకు చూపించారు. అది చాలక గుడికి వెళ్లి బ్రాడ్లీ పేరున అర్చన చేయించారు. పూజారి గోత్రం అడిగితే, కొంచెం ఆలోచించి హార్స్‌బీ అన్నారు.

సరిగ్గా ఆ రోజుల్లోనే దుర్గాసాయి షాపుకొచ్చాడు. దుర్గాసాయిది రేవు దగ్గర చేపలు పట్టే కుటుంబం. నీళ్లు తగ్గిన కాలంలో గోదావరి ఇసుక తిన్నెల మీద ఆడి ఆడి నేర్చుకున్నవాడు. అతని కెప్టెన్సీలో కొవ్వూరు జట్టు ఆ ఏడాది జిల్లా పోటీలు గెలిచింది. ఈ సంగతి సంఘంలో ఎవరికీ తెలియదు. రాష్ట్ర పోటీలకు వెళ్లాలంటే అధ్యక్షుల సంతకంతో ఎంట్రీ పంపాలి. రాష్ట్ర పోటీల్లో ఆడినట్టు సర్టిఫికెట్ ఉంటే కానిస్టేబుల్ ఉద్యోగానికి స్పోర్ట్స్ కోటా వర్తిస్తుంది. వయసు రీత్యా అతనికదే ఆఖరి ఏడు.

సత్యప్రసాద్ గారు అతన్ని ఎంతో ఆదరంగా కూర్చోబెట్టారు. ఒక నిజమైన ఆటగాడితో మాట్లాడే సామర్థ్యం తనకు వచ్చిందన్న సంతోషం ఆయన ముఖంలో కనిపించింది. తెర మీద నేర్చిన మాటతో, మొరేల్, అంటే మనోబలం, ఎలా ఉందని అడిగారు. బాగానే ఉందండి అన్నాడు దుర్గాసాయి. ఏ పొజిషన్ అని అడిగితే స్ట్రైకరండి అన్నాడు.

"మాకూ స్ట్రైకర్ల కొరతేనయ్యా. బ్రాడ్లీకి ఆపరేషన్ అయింది కదా" అన్నారు సత్యప్రసాద్ గారు నిట్టూరుస్తూ.

బ్రాడ్లీ ఎవరో తెలియకపోయినా దుర్గాసాయి విచారం వెలిబుచ్చాడు. ఆ వేళ హార్స్‌బీలో ఆటగాళ్ల కొనుగోళ్లకు గడువు ముగుస్తోంది గనక, కాగితం అక్కడ పెట్టి వెళ్లమన్నారు. దుర్గాసాయి పెట్టి వెళ్లాడు. మళ్లీ రెండుసార్లు వచ్చాడు. రెండుసార్లూ అధ్యక్షుల వారు మ్యాచీలో ఉన్నారని గుమాస్తా బయటి నుంచే పంపేశాడు. హార్స్‌బీ గడువులోగా ఇద్దరు స్ట్రైకర్లను కొంది. కొవ్వూరు ఎంట్రీ గడువు దాటిపోయింది. రాష్ట్ర పోటీలకు జిల్లా తరఫున ఫైనల్లో ఓడిన జట్టు వెళ్లింది.

ఇద్దరు స్ట్రైకర్లు వచ్చినా హార్స్‌బీ గెలవలేదు. ఒకనాటి సాయంత్రం తెర మీద పెద్ద సందేశం వచ్చింది. అర్థం సరిగా బోధపడక ఆయన దేవిశ్రీని పిలిచారు. ఆమె చదివి, తీసేశారు నాన్నా అంది.

"ఎవరిని?"

"మిమ్మల్నే. క్లబ్బు బోర్డువాళ్లు మేనేజరు పదవి నుంచి తీసేశారు."

"ఎందుకూ?"

"ఓడిపోతున్నాం కదా."

సత్యప్రసాద్ గారు ఆ సందేశాన్ని మళ్లీ మొదటి నుంచి చదివించుకున్నారు. "ఓడిపోతే తీసేస్తారా?" అన్నారు.

ఆ ప్రశ్న అంతకు ముందు ఆయనకు ఎన్నడూ తట్టలేదు. మరో క్లబ్బుకు దరఖాస్తు పెట్టారు. వాళ్లు వద్దన్నారు. ఆ అట్టడుగు డివిజన్‌లోనే ఆఖరున ఉన్న, ఊరి పేరు కూడా నోరు తిరగని క్లబ్బుకు పెట్టారు. వాళ్లు జవాబే ఇవ్వలేదు. పని చేతకాకపోతే ఆ పని ఇవ్వరన్న సంగతి యాభై రెండేళ్ల వయసులో తెలిసి, ఆయన కొన్నాళ్లు మనుషుల్లో పడలేదు. ఆ సిగ్గులోనే దుర్గాసాయి గుర్తొచ్చాడు.

ఆయన స్వయంగా రేవుకు వెళ్లారు. దుర్గాసాయి వల బాగుచేస్తున్నాడు. సత్యప్రసాద్ గారు పడవ అంచున కూర్చున్నారు. ఆయన అలా ఎక్కడా కూర్చోగా ఎవరూ చూడలేదు.

"ఎంట్రీ పంపనిది నేనేనయ్యా" అన్నారు.

"తెలుసండి" అన్నాడు దుర్గాసాయి, వల మీంచి కళ్లు ఎత్తకుండా.

"రాజీనామా చేద్దామనుకుంటున్నాను. ఆట తెలిసినవాళ్లు ఎవరైనా చూసుకుంటారు."

దుర్గాసాయి అప్పుడు తలెత్తాడు. "మంచిదండి" అన్నాడు.

కల్యాణమండపంలో వార్షిక సర్వసభ్య సమావేశం జరిగింది. సత్యప్రసాద్ గారు మైకు ముందు నిలబడి, అలవాటు చొప్పున ఫుట్‌బాల్ మానవజాతికి చేసిన సేవలతో మొదలుపెట్టి, ఉన్నట్టుండి ఆగి, తన నిర్లక్ష్యం వల్ల ఒక కుర్రాడికి ఉద్యోగం చేజారిందని, అందువల్ల తాను అధ్యక్ష పదవికి రాజీనామా చేస్తున్నానని చెప్పి దిగిపోయారు.

సభ దిగ్భ్రాంతి చెందింది. రాజీనామా అనే ప్రక్రియ ఆ ప్రాంతంలో అంతకు మునుపు ఎవరూ చూసి ఉండలేదు. ఆయన కన్ను జిల్లా పరిషత్తు మీద పడిందని కొందరు గ్రహించారు. సన్మానం ఆలస్యమైనందుకు అలిగారని మరికొందరు ఊహించి, శాలువా కోసం మనిషిని పంపారు. కార్యదర్శి బుజ్జిబాబు మైకు అందుకున్నాడు. తప్పు చేసి ఒప్పుకునే నాయకుడు దొరకడం ఈ గోదావరి తీరం చేసుకున్న పుణ్యమని, ఇటువంటి మహనీయుణ్ణి వదులుకుంటే భావితరాలు మనల్ని క్షమించవని, ఎంట్రీదేముంది, వచ్చే ఏడు కూడా పంపవచ్చని చెబుతూ గద్గదస్వరుడయ్యాడు. రాజీనామాను తిరస్కరిస్తూ చేతులు లేచాయి.

జట్టు కెప్టెన్ హోదాలో దుర్గాసాయి కూడా సభ్యుడే. వెనక వరసలోంచి లేచాడు.

"ఆయనే పోతానంటున్నారు కదండీ. పోనివ్వండి" అన్నాడు.

ఎంత మాటన్నాడని సభ అట్టుడికిపోయింది. పెద్దల పట్ల ఇంత అగౌరవం సంఘం చరిత్రలో లేదు. క్రీడాస్ఫూర్తికి భంగం కలిగించినందుకు దుర్గాసాయిని రెండేళ్లపాటు ఏ పోటీలోనూ ఆడకుండా సస్పెండ్ చేస్తూ బుజ్జిబాబు తీర్మానం ప్రవేశపెట్టాడు. తీర్మానం చెల్లాలంటే అధ్యక్షుల సంతకం కావాలి.

సత్యప్రసాద్ గారు కలం పట్టుకుని దుర్గాసాయివంక చూశారు. వద్దని చెప్పడానికి ఆయన నోరు తెరిచారని ముందు వరసలో కూర్చున్నవాళ్లు ఇప్పటికీ అంటారు. అప్పుడే శాలువా వచ్చింది. నలుగురూ కలిసి కప్పారు, గజమాల వేశారు, ఫొటోగ్రాఫరు నవ్వమన్నాడు. ఇందరి అభిమానాన్ని కాదనే శక్తి ఆయనకు చాలలేదు. సంతకం పెట్టారు. ఆ ఊపులోనే ఆయన పేరును జిల్లా సంఘం ఉపాధ్యక్ష పదవికి కూడా ప్రతిపాదించారు.

దుర్గాసాయి ఇప్పుడు వంతెన దాటి రాజమండ్రి మార్కెట్లో చేపలు అమ్ముతున్నాడు. కొవ్వూరు నుంచి వెళ్లే మనవాళ్లంతా అతని దగ్గరే కొంటారు, బేరం కూడా ఆడరు. కుర్రాడు మంచివాడే పాపం, ఆ రోజు నోరు మూసుకుని కూర్చుంటే బాగుపడేవాడని జాలిపడుతూ ఇంటికొస్తారు.