లేని పేర్ల పుస్తకం

కర్నూలు జిల్లా పడమటి తాలూకా కచేరీ ఒకదానిలో 1956 జూన్ నుంచి ప్రజలకు ఒక కొత్త సౌకర్యం కలిగింది. అంతకుముందు పుట్టుక నకలు కోసం ఎవరైనా వస్తే, గుమాస్తా దేవేంద్రప్ప పాత పుస్తకాలన్నీ తిరగేసి సాయంత్రానికి "లేదు" అనేవాడు. అదే మనిషి మరునాడు వస్తే మళ్లీ అన్నీ తిరగేసేవాడు. ఈ వృథా శ్రమ నివారించేందుకు ఆయన లేని పేర్లకు వేరే పుస్తకం పెట్టాడు. ఎవరొచ్చినా ముందు అదే చూస్తాడు. అందులో పేరుంటే మనిషి లేనట్టే. జవాబు నిమిషంలో వస్తుంది. పై అధికారులు ఆయన్ను మెచ్చుకుంటూ ఉత్తరం రాశారు.

కూలిపని చేసుకునే హులిగెమ్మ ఈ సౌకర్యాన్ని మూడుసార్లు పొందింది. ఆమె కూతురు ఉరుకుందమ్మకు కర్నూలులో ఆడపిల్లల హాస్టలులో సీటొచ్చింది. నెలాఖరులోగా పుట్టుక నకలు ఇవ్వకపోతే ఆ సీటు ఇంకొకరికి పోతుంది.

మొదటిసారి వెళ్లినప్పుడు వాళ్ల ఊరి పుస్తకం బైండింగుకు పోయి ఉంది. పుస్తకం లేదు కాబట్టి పేరూ లేదు. దేవేంద్రప్ప నిజాయితీగా పాప పేరు లేని పేర్ల పుస్తకంలో రాసుకున్నాడు. ఎనిమిది రోజులకు పుస్తకం ఎర్రగుడ్డ అట్టతో తిరిగొచ్చింది. పన్నెండో పేజీలో పాప పేరుందని ఊరి మునసబే హులిగెమ్మకు చెప్పాడు. ఆమె మళ్లీ వెళ్లింది.

"సామీ, మా పాప పేరు బుక్కులో ఉండాదంట."

"ఉంటాదిలేమ్మా. లేని పేర్ల బుక్కులోనూ ఉండాది. ముందు చూసేది ఇదే కదా."

"దీంట్లో కొట్టేయప్పా."

"కొట్టేయాలంటే పాప ఉన్నట్టు నకలు తేవాల."

"అదిచ్చేది ఎవరు సామీ?"

"నేనే," అన్నాడు దేవేంద్రప్ప వినయంగా.

నెల చివరి రోజున ఆమె పాపనే వెంటబెట్టుకొచ్చింది. ఎండన పడి వచ్చారని దేవేంద్రప్ప పాపకు కుండలోని నీళ్లు తానే ముంచి ఇచ్చాడు. తాగేదాకా ఆగి, లేని పేర్ల పుస్తకం తెరిచాడు.

"ఎదురుగా నిలబడుకోనుండాది కదప్పా, కండ్లతో చూడు," అంది హులిగెమ్మ.

"చూస్తాండానమ్మా. కండ్లతో చూసి నకలియ్యమని మాకు ఉత్తర్వు లేదు."

ఆమె అర్జీ రాయించి పెట్టింది. కచేరీ మూసే వేళకు రాతపూర్వకంగా జవాబొచ్చింది. హులిగెమ్మకు చదువు రాదు. కాగితం కూతురికిచ్చింది. పాప వరండాలో నిలబడి చదివింది:

"ఉరుకుందమ్మ అను బాలిక లేనందున, హాస్టలు సీటు పోవుటవలన నష్టపోయినవారెవరూ లేరని విచారణలో తేలినది. అర్జీ ముగించడమైనది."

ఒక్క తప్పు పోలేదు. ఆగవలసిన చోట ఆగింది. పనుల మీద వచ్చిన పెద్దమనుషులు పదిమంది అక్కడే ఉన్నారు. పాప శానా బాగా చదువుతాందని అందరూ మెచ్చుకున్నారు.