ఇంటింటికీ ఓ నౌకాదళం!

పాతకాలపు ఓడల బొమ్మలు పోగుచేసే మనిషి ప్రతి ఇంట్లోనూ ఒకడు ఉండి తీరాలి. లేని ఇల్లు ఇల్లే కాదు! ఈ మాట నేను మూడేళ్లుగా చెబుతున్నాను. అప్పుడే నవ్వకండి. పూర్తిగా చదివాక నవ్వడమో ఏడవడమో మీ ఇష్టం.

అనుభవం లేకుండా నేనేదీ రాయను. మా అక్క మొగుడు, అంటే మా బావగారు, నీటి సరఫరా శాఖలో సూపరింటెండెంటు. నీళ్లతో ఆయనకున్న సంబంధమల్లా కుళాయి కనెక్షన్ల ఫైళ్ల వరకే. అలాంటి మనిషికి ఒకరోజు పాత పుస్తకాల కొట్లో ఓ బొమ్మ కనిపించింది. మూడు స్తంభాల ఓడ, ఎగిసిపడే కెరటాలు, ఫిరంగుల పొగ. రెండు వందల ఏళ్ల కిందట ఎవరో రాగిరేకు మీద గీతగీతా చెక్కి, కాగితం మీద అచ్చు వేసిన బొమ్మ. అంతే! మనిషి నిలువునా మునిగిపోయాడు.

ఒకటి రెండయింది, రెండు పదయ్యాయి. చూస్తుండగానే ముప్ఫై ఎనిమిదికి చేరాయి. అన్నిటికీ ఫ్రేములు కట్టించి ముందుగది నిండా వేలాడదీశారు. ఆఫీసులో వాళ్లు ఆయనకు 'కెప్టెన్' అని పేరు పెట్టారు. వాళ్లు వెటకారానికి పెడితే ఆయన బిరుదనుకుని మురిసిపోయారు.

ఈ పిచ్చి ఉన్నవాళ్లకి ఓ ప్రత్యేక భాష కూడా ఉంటుంది. బొమ్మని బొమ్మ అనకూడదు, 'ప్లేటు' అనాలి. ఆ సంగతి మా అక్కకేం తెలుసు? తొలిరోజుల్లో ఆయన ఆఫీసు నుంచి ఫోన్ చేసి, "ఇవాళ నా పంట పండిందే! మూడు ప్లేట్లు దొరికాయి. చాలా పాతవి!" అన్నారు.

"పాతవెందుకండీ, కొనేదేదో కొత్తవే కొనకపోయారా? సరేలెండి, పట్టుకురండి. శుభ్రంగా తోమి పెడతాను," అంది అక్క.

ఆ సాయంత్రం ఆయన మూడు ప్లేట్లనీ గుండెకి హత్తుకుని ఇంట్లో అడుగుపెట్టారు. అక్క చేతికి అందనంత ఎత్తులో మేకులు కొట్టారు.

ఇక లాభాలు చెబుతాను వినండి. చుట్టాల బెడద పూర్తిగా వదిలిపోతుంది. గడప దాటగానే బావగారు వాళ్ల చెయ్యి పట్టుకుని మొదటి ఓడ దగ్గర మొదలుపెడతారు. ఏ ఓడకి ఎన్ని ఫిరంగులు, ఏది ఏ తుఫానులో మునిగింది, ఎవరు చెక్కారు, ఎవరు రంగులు వేశారు, అన్నీ ఏకరువు పెడతారు. నాలుగు రోజులు ఉండి పోదామని పెట్టెతో సహా వచ్చిన ఆయన పెదనాన్నకి పన్నెండో ఓడ దగ్గర ఏదో అర్జంటు పని గుర్తొచ్చింది. పెట్టె కూడా మర్చిపోయి పరుగెత్తాడు. కాపురానికి ఇంతకంటే ఏం కావాలి?

ప్రశాంతత మాటకొస్తే అదింకో వరం! పాత కాగితానికి ఎండ పడదట. రంగులు వెలిసిపోతాయట. ఈ రహస్యం చెప్పింది ఓడల బొమ్మల సంఘం అధ్యక్షుడు. అవునండీ, వీళ్లకో సంఘం కూడా ఉంది! అధ్యక్షుడు గారు రిటైరైన పళ్ల డాక్టరు. ఆయన నోటి నుంచి ఆ మాట రావడమే ఆలస్యం, మర్నాటికల్లా ముందుగది కిటికీకి రెండు పొరల కర్టెన్ దిగింది. ఎండ లేదు, దుమ్ము లేదు, వీధిలో పోయేవాళ్ల చూపు లేదు. చల్లటి చీకటి కోసం జనం సినిమా హాళ్లకి పోతున్నారే, అది ఇంట్లోనే దొరికితే చేదా?

చిక్కల్లా ఒక్కటే. ఆ కిటికీ కింద మా అక్క కుట్టుమిషను ఉండేది.

అక్క బట్టలు కుడుతుంది. పెళ్లికి ముందు నుంచీ కుడుతోంది. వీధిలో సగం మంది ఒంటి మీద ఉన్నది ఆమె చేతి పనే. ఆ ఇంటికి సరైన వెలుతురొచ్చే కిటికీ అదొక్కటే, వెనకంతా పక్కింటి గోడ. దాంతో మిషను వంటగది పక్క నడవలోకి జరిగింది. అక్కడైనా సుఖంగా కుట్టనిచ్చారా? గబగబా తొక్కితే గోడ అదిరి ఫ్రేములు వంకరపోతున్నాయని, మెల్లగా తొక్కమన్నారు. తేమకి కాగితం మీద గోధుమరంగు మచ్చలొస్తాయని ముందుగదిలో తేమ పీల్చే యంత్రం పెట్టించారు. అది ఇరవైనాలుగ్గంటలూ తిరుగుతుంది. నడవలో మాత్రం గుడ్డి బల్బు ఒకటి వెలుగుతుంది.

"ఎన్నాళ్లులేరా, నాలుగు రోజులు పోతే ఆయనకే మొహం మొత్తుతుంది," అంది అక్క నాతో.

నేనేమన్నాను? "అక్కా, నీ అదృష్టమే అదృష్టం! ఇంత కళ ఎవరింట్లో ఉంది? మా ఇంట్లో ఒక్క ఓడైనా లేదే!" అన్నాను. వెళ్లిన ప్రతిసారీ ఆ మాట అనేవాణ్ణి. బావగారు పొంగిపోయి నన్ను భోజనం చేసి వెళ్లమనేవారు. వండేది అక్క.

మూడేళ్లు గడిచాయి. ఆయనకి మొహం మొత్తలేదు.

ఈ మధ్య ఓ స్కూలు వాళ్లు నలభై జతల యూనిఫాంలు కుట్టమన్నారు. నేవీ బ్లూ. అక్క ఆ బల్బు కిందే కూర్చుని చెప్పిన గడువుకి కుట్టి పంపింది. మర్నాడే మూట తిరిగొచ్చింది, వెనకే హెడ్‌మిస్ట్రెస్ గారు కూడా వచ్చారు. "దారం చూడండమ్మా, నల్లది!" అంటూ ఓ లాగుని గుమ్మం బయట ఎండలో పట్టి చూపించారు. నిజమే. ఆ నడవలో నలుపేదో, నేవీ బ్లూ ఏదో కనిపెట్టడం ఎవరి తరం?

"నేవీకి నేవీ పడలేదన్నమాట!" అని బావగారు తన జోకుకి తనే విరగబడి నవ్వారు. అక్క నవ్వలేదు.

రెండు రోజులు కూర్చుని కుట్లన్నీ విప్పింది. కళ్ల నుంచి ఒకటే నీళ్లు. కళ్ల డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్లాను. ఆయన లైటు వేసి అటూ ఇటూ చూసి, "ఇప్పటికైతే మీ కళ్లకేం లేదమ్మా. కిటికీ దగ్గర కూర్చుని కుట్టుకోండి. ఇలాగే చీకట్లో చేస్తే మాత్రం ఈ పని ఎక్కువ కాలం చేయలేరు," అన్నాడు. చూశారా? కళ్లజోడు తప్పింది! దీన్ని కూడా లాభాల్లోనే వేసుకోవాలి.

ఆ ఆదివారమే సంఘం సమావేశం బావగారి ఇంట్లో జరిగింది. ఆయన కొత్తగా సంపాదించిన పెద్ద యుద్ధం బొమ్మని చూడటానికి ఏడుగురు పెద్దమనుషులు భూతద్దాలతో సహా వచ్చారు. అక్క టీ ట్రే పట్టుకొచ్చి, ఇస్తూ ఇస్తూ బొమ్మ ముందు ఆగింది.

"ఏవండీ, ఇందులో గాలి ఎటు నుంచి వీస్తోంది?"

"గాలా?" అన్నారు బావగారు.

"తెరచాపలన్నీ కుడివైపుకి ఉబ్బి ఉన్నాయి. జెండా ఏమో ఎడమవైపుకి ఎగురుతోంది. రెండూ గుడ్డలేగా? ఒకే గాలికి చెరోవైపు ఎలా పోతాయి?"

ఏడు భూతద్దాలూ ఒక్కసారిగా జెండా మీదికి పోయాయి. పొద్దున్నుంచీ ఆ బొమ్మ మీద ఉపన్యాసాలు దంచిన మహామహులు! ఫిరంగులు లెక్కపెట్టారు, తాళ్లు లెక్కపెట్టారు. డాబా మీద తడిబట్టలు ఆరేసిన మనిషి మాత్రం వాళ్లలో ఒక్కరూ లేరు.

ముందుగా తేరుకున్నది అధ్యక్షుడు గారే. "కెప్టెన్ గారూ, ఇది చెక్కినవాడి పొరపాటు! ఇలాంటి పొరపాటున్న బొమ్మ ఎంత అరుదో తెలుసా? మీరు అదృష్టవంతులండీ!" అని ఎగిరి గంతేశారు. అందరూ బావగారి చెయ్యి పట్టుకుని ఊపేశారు. ఎవరో అక్క వైపు తిరిగి, "టీలో ఇంకాస్త పంచదార ఉంటే బాగుండేదమ్మా," అన్నారు.

నల్లదారం పొరపాటుకి మూట వెనక్కొచ్చింది, జెండా పొరపాటుకి సన్మానం జరిగింది. నేను బిస్కెట్ నములుతూ చప్పట్లు కొట్టాను.

అంత అపురూపమైన బొమ్మకి కర్టెన్లు చాలవని సంఘం తీర్మానించింది. సందుల్లోంచి వెలుతురు దూరుతుందట. కిటికీకి చెక్క కొట్టించి శాశ్వతంగా మూసేయడం మేలట. సోమవారం పొద్దున్నే వడ్రంగి సుత్తితో దిగాడు. ఫ్రేములు పట్టుకోవడానికి సాయం రమ్మంటే నేనూ వెళ్లాను.

అక్క నడవలోంచి వచ్చి కిటికీకి వీపు ఆనించి నిలబడింది.

"ఎండ తగిలితే బొమ్మల రంగు పోతుందన్నారు. సరేనని ఊరుకున్నాను. మూడేళ్లుగా నేను చీకట్లో కూర్చుంటే నాదేం పోతోందో ఒక్కసారైనా అడిగారా?"

"అబ్బే, అది కాదే... ఇప్పుడేం కొంప మునిగిందని..." బావగారు నీళ్లు నమిలారు.

"మునిగింది! నా కొంపే మునిగింది. కళ్లు పోతే నా పని పోతుంది. ఈ ఇంట్లో నాదంటూ ఉన్నది ఆ పనొక్కటే. ఈ కిటికీ మూశారంటే మిషనుతో పాటు నేనూ బయటికి పోతాను. ఏది ఉంచుకుంటారో మీరే చెప్పండి."

మనిషి అంగుళం కదల్లేదు. వడ్రంగి సుత్తి కింద పెట్టేశాడు. బావగారు ముప్ఫై ఎనిమిది ఓడల వంకా, ఉన్న ఒక్క పెళ్లాం వంకా మార్చి మార్చి చూశారు.

"మరి వీటినెక్కడ పెట్టుకోనే?" అన్నారు చివరికి, ఏడుపు గొంతుతో.

అక్క నావైపు తిరిగింది. చిన్నప్పుడు చెవి మెలేసి నన్ను బడికి ఈడ్చుకెళ్లే ముందు అలాగే చూసేది.

"ఒరేయ్, మా ఇంట్లో ఒక్క ఓడైనా లేదని మూడేళ్లుగా కుమిలిపోతున్నావుగా? అన్నీ పట్టుకుపో!"

మేకులు కొట్టడానికొచ్చిన వడ్రంగే మేకులు పీకాడు. మధ్యాహ్నానికల్లా నౌకాదళం మొత్తం వ్యానెక్కి మా ఇంటి ముందు లంగరు వేసింది. వెనకే స్కూటర్ మీద కర్టెన్ల మూటతో బావగారు! ఇల్లంతా తిరిగి చూసి, గోడలు ఖాళీగా ఉన్న గది ఒక్కటే ఉందని తేల్చారు. నేను రాసుకునే గది. అరగంటలో దాని కిటికీకి రెండు పొరల కర్టెన్ కట్టేశారు.

ఇవాళ్టికి పదో రోజు. కళ్లు మండుతున్నాయి. గీతల మధ్య రాస్తున్నానో, గీతల మీద రాస్తున్నానో తెలియడం లేదు. పాఠకులారా, ఇది అన్యాయం కాదా? మనిషి పనిచేసుకునే చోట వెలుతురు లాగేసుకోవడం కంటే దుర్మార్గం ఉంటుందా? గోడ మీది కాగితానికున్న విలువ దాని కింద కూర్చున్న మనిషికి లేదా? సంఘాలన్నీ ఏం చేస్తున్నాయి? ప్రభుత్వం నిద్రపోతోందా?

ఇంతవరకూ ఆవేశంగా రాసి మా ఆవిడకి చదివి వినిపించాను. ఆవిడ పని ఆపి మరీ శ్రద్ధగా వింది.

"చాలా బాగా రాశారు. వదిన ఆ నడవలో మూడేళ్లు కూర్చుని కుట్టిందే, అప్పుడు ఇందులో ఒక్క ముక్కైనా రాశారా?" అని అడిగింది.

రాయలేదు. ఎలా రాస్తాను? అప్పట్లో నా టేబుల్ మీద వెలుతురు బాగానే పడేది.