ఇంటిమోత రెండో ఆల్బం

భార్య తమ్ముణ్ణి భార్యకు తెలియకుండా తప్పించాలని చూసిన మగవాడు సుఖంగా బతికిన దాఖలాలు ఎక్కడా లేవు. తంత్రికి ఆ సంగతి తెలుసు. తెలిసే దిగాడు.

గిటార్ వాయిస్తాడు కాబట్టి స్నేహితులు ఆయన్ను తంత్రి అనేవారు. భార్య మాత్రం కోపం వచ్చినప్పుడు ముందు ఒక అక్షరం చేర్చి కుతంత్రి అనేది. ఆవిడ గాయని. ఆవిడ తమ్ముడు డ్రమ్ములు వాయిస్తాడు. వాడు కర్ర ఎత్తితే వీధిలో ఆపి ఉంచిన కార్లు వాటంతటవే కేకలు పెట్టేవి. అందుకే వాడు పిడుగు. ముగ్గురూ కలిసి పెట్టుకున్న రాక్ బృందం పేరు ఇంటిమోత.

మొదటి ఆల్బం విన్నవాళ్ళు కుర్చీలెక్కి గంతులేశారు. అక్కడితో ఊరుకుంటే బాగుండేది. రెండోదానికి పాటలు కట్టుకుంటున్న రోజుల్లో, పాటల దుకాణంలో ఎవరో ఇద్దరు మాట్లాడుకోవడం తంత్రి చెవిన పడింది.

"ఇంటిమోత వాళ్ళు ఇంకో ఆల్బం చేస్తున్నారట."

"ఎందుకూ? అదే మోతైతే మొదటిదే ఇంకోసారి పెట్టుకుంటే పోలా?"

తంత్రి గుండె జారి చెప్పుల్లో పడింది. ఇంటికి నడుస్తుంటే అడుగడుగునా దాన్నే తొక్కుతున్నట్టుంది. తన వేళ్ళలో ఉన్నదంతా మొదటి ఆల్బంతోనే అయిపోయిందా? ఆ భయాన్ని నెత్తిన మోయలేక, తీసుకెళ్ళి బావమరిది నెత్తిన పెట్టాడు. తప్పంతా డ్రమ్ములది! డ్రమ్ములు తీసేస్తే కొత్త ధ్వని అదే పరుగెత్తుకుంటూ వస్తుంది!

మరి పిడుగుతో ఆ మాట అనేదెవరు? వాడి చేతిలో ఎప్పుడూ కర్రలుంటాయి. తన వీపు ఎప్పుడూ తన వెనకే ఉంటుంది.

అందుకని ఉపాయం పన్నాడు. రికార్డింగ్ గదిలో గోడకు వరసగా మైకుల వైర్లు తగిలించి ఉంటాయి. డ్రమ్ములవాటికి ఎర్ర టేపు, గిటార్‌కు నీలం టేపు, పాటకు తెల్ల టేపు. రికార్డింగ్ మొదలయ్యే ముందు ఎర్ర టేపు వైరు లాగేస్తే సరి. పిడుగు తన ఆనందం కొద్దీ బాదుకుంటాడు, ఆల్బంలోకి మాత్రం ఒక్క దెబ్బా రాదు. చివర్లో "అయ్యో, మిషన్‌లో ఏదో పోయింది" అని మొహం వేలాడేస్తే పని ముగుస్తుంది.

మొదటిరోజు వైరు లాగుతూ తలెత్తేసరికి అద్దం వెనక నుంచి రికార్డింగాయన చూస్తున్నాడు. మాట్లాడ్డం దండగ అనుకునే మనిషి. అందరూ మౌని అంటారు. తంత్రి పెదాల మీద వేలు పెట్టి బతిమాలినట్టు చూశాడు. మౌని తలూపాడు.

మౌనం అర్ధాంగీకారం కదా అని తంత్రి ఊపిరి పీల్చుకున్నాడు.

పాట అయ్యాక పిడుగు చెమటలు తుడుచుకుంటూ వచ్చాడు. "బావా, ఎలా ఉంది?"

"పిండేశావనుకో!"

"అయితే ఒకసారి వినిపించు."

"ముడిసరుకు వినకూడదురా. అంతా అయ్యాక విందువుగానీ."

"నువ్వెలా చెబితే అలా బావా," అని వాడు భుజం తట్టాడు. ఆ నమ్మకం తంత్రికి గుచ్చుకుంది. భుజమైతే సాయంత్రం దాకా నొప్పెట్టింది.

మర్నాడు ఇంకో భయం పట్టుకుంది. పిడుగు మోత తలుపు సందుల్లోంచి వచ్చి తన గిటార్ మైకులో పడితే? గుట్టు బయటపడదూ? ఇంట్లో పరుపు చుట్టి మోసుకొచ్చి, తను వాయించే చిన్న గది తలుపుకు అడ్డం కట్టాడు. వాడు బాదుతుంటే వినే ధైర్యం లేక, తన హెడ్‌ఫోన్లలో పాట తప్ప ఇంకేదీ రాకుండా చేయించుకున్నాడు. భార్య గొంతు ఒక్కటే చెవుల్లో, గిటార్ ఎదురుగా. ఇంకెవరేం వాయిస్తున్నారో ఆయనకు తెలియదు.

ఇంట్లో మాత్రం తెలిసిపోయింది.

"పరుపేదండీ?"

"ఎండలో వేశాను."

"బయట వాన పడుతోంది."

"మరి... ఎండ వచ్చినప్పుడు చోటు దొరకదని ముందే వేశా."

ఆవిడ మొహంలోకి చూసింది. "ఏదైనా చెప్పాలా మీరు?"

"ఏం లేదే."

"మరి ముద్ద చెవి దగ్గరికి తీసుకెళ్తున్నారేం?"

అప్పటినుంచీ ఆయనకు తిండి దిగలేదు. ఫోన్ మోగితే ఉలికిపాటు. తలుపు కొడితే పిడుగేమోనని వణుకు. ఎవరైనా బల్ల మీద వేళ్ళతో దరువేస్తే వీపు తనంతట తానే గోడకు ఆనుకునేది. అయినా రోజూ వెళ్ళి, దొంగలా అటూ ఇటూ చూసి, ఎర్ర టేపు వైరు లాగి వచ్చేవాడు.

చివరికి ఆ రోజు రానే వచ్చింది. మౌని ఆల్బం పట్టుకుని ఇంటికే వచ్చాడు. పిడుగు తలకు నూనె రాసి దువ్వుకుని, సోఫా అంచున బుద్ధిగా కూర్చున్నాడు. తంత్రి అందరికంటే ముందు అందుకున్నాడు.

"ఒక్కమాట. డ్రమ్ములు వినిపించకపోతే కంగారు పడకండి. మిషన్‌లో ఏదో..."

"ముందు విననివ్వండి," అంది భార్య.

పాట మొదలైంది. ముందుగా డ్రమ్ములే వచ్చాయి! కానీ అవి పిడుగువేనా? తెల్లారి ఎవరో వాకిలి ఊడుస్తున్నట్టు, సన్నగా, ఊపిరి పోసుకుంటూ. వాటి మీద, తన గిటార్ హోరులో ఇన్నాళ్ళూ సరిగ్గా వినని భార్య గొంతు అరుపు మాని, పక్కనే కూర్చుని చెబుతున్నట్టు వచ్చింది. తంత్రి సోఫాలో ముందుకు జరిగాడు. ఇదే, తను వెతుక్కున్న కొత్త ధ్వని ఇదే.

గిటార్ కోసం ఎదురుచూశాడు. పాట అయిపోయింది. రెండో పాటా అయిపోయింది.

"నా గిటారేదీ?"

"మిషన్‌లో ఏదో పోయుంటుంది," అంది ఆవిడ.

తంత్రి మౌని వైపు చూశాడు. మౌని కిటికీ వైపు చూశాడు.

"ఆయన్నేం చూస్తారు? ఒక్కమాట అనలేదు పాపం. మొదటిరోజే నన్ను పిలిచి గోడకేసి వేలు చూపించారు. నేను ఎర్ర టేపూ నీలం టేపూ మార్చి చుట్టాను, ఆ రోజు పాట మీరెళ్ళాక మళ్ళీ పాడుకున్నాం. అంతే. మర్నాటి నుంచీ రోజూ మీ గిటార్‌ను మీ చేత్తోనే పీకేసుకున్నారు."

అర్ధాంగీకారంలో మిగతా సగం అర్ధాంగికి చేరిందని తంత్రికి అప్పుడు అర్థమైంది.

"మరి డ్రమ్ములు... ఇంత మెల్లగా?"

పిడుగు తల దించుకున్నాడు. "మన మోత నాకే విసుగొచ్చింది బావా. కర్రలు పక్కన పెట్టి సన్న తీగల బ్రష్‌లతో వాయించాలనిపించింది. నీతో చెబితే కోప్పడతావని భయమేసి అక్కకి చెప్పాను."

"నాకు... నువ్వు భయపడ్డావా?"

"మరి? నువ్వు వారం నుంచీ నా మొహమే చూడట్లేదు. నన్ను తీసేస్తావేమో అనుకున్నా."

ఆ భుజాల వెనక ఇంత బెరుకు ఉంటుందని తంత్రి ఎప్పుడూ అనుకోలేదు. "తప్పైపోయిందిరా," అన్నాడు. పిడుగు లేచి కావలించుకున్నాడు. ఎక్కడో ఎముక కిర్రుమంది గానీ, చాలా రోజుల తర్వాత వీపుకు భయం పోయింది.

అసలు భయం ఇంకా పోలేదు. గిటార్ లేకుండానే ఆల్బం బాగుంది. చాలా బాగుంది. తన అవసరమే లేనంత బాగుంది. అందరూ లేచాక భార్య వెనకే వంటగదిలోకి వెళ్ళి, గొంతు తగ్గించి అడిగాడు.

"అందులో నాకు ఎక్కడైనా చోటుందా?"

ఆవిడ టీ వడకడుతూ ఆలోచించింది. ఇంకా కోపంగా ఉందేమో అనుకున్నాడు గానీ, నిజంగానే పాటల్లో వెతుకుతోంది.

"చివరి పాటలో ఒకచోట నేను ఊపిరి పీల్చుకుంటాను. ఆ సందులో వాయించండి. మెల్లగా."

మర్నాడు తంత్రి మైకు ముందు కూర్చున్నాడు. అంత చిన్న సందు. కాస్త ముందైతే ఆవిడ మాట చెడుతుంది, కాస్త ఆలస్యమైతే మళ్ళీ మొదలెట్టేస్తుంది. హెడ్‌ఫోన్లలో ఈసారి అందరినీ వింటూ కాచుకున్నాడు. ఆవిడ ఊపిరి తీసుకుంది. నాలుగు స్వరాలు అందులో పెట్టేసి చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

మొదటిసారికే కుదిరింది. జీవితంలో మొదటిసారి మౌని నోరు విప్పి, "అంత కచ్చితంగా ఎలా పట్టారండీ?" అన్నాడు.

"పెళ్ళైనప్పటి నుంచీ నేను మాట్లాడేది ఆ సందులోనే కదండీ," అన్నాడు తంత్రి.